దడి మీది దొండపండు, చైనా ఆపిల్

కోహెడలో మా ఇంటి దడి మీద కాకిదొండ తీగ పాకింది. కాయ చేదు, కూరకు పనికిరాదు. పండితే మాత్రం తొక్క పగిలి నెత్తురు రంగు గుజ్జు బయటపడుతుంది. మనం చూసేలోగా చిలకలు సగం తినేస్తాయి.

చైనాలో డాక్టరీ చదివొచ్చిన మేనల్లుడు మొన్న ఆపిల్ కోస్తూ అక్కడి మాట నేర్పాడు: ‘పింగ్‌గువో’. ‘‘పింగ్ అన్నప్పుడు ఏదో అడిగినట్టు గొంతు లేవాలె మామా. గువో కాడ దించాలె’’ అన్నాడు. పదిసార్లు పలికితే ఒకసారి కుదిరింది. ఆ మాట పుట్టుక వెదుక్కుంటూ పోతే మళ్లీ మా దడి దగ్గరికే వచ్చాను.

దొండపండుకు సంస్కృతంలో బింబం అని పేరు. మన కావ్యాల్లో నాయికను బింబాధరి అన్నది ఆ ఎరుపు చూసే. బౌద్ధులు బుద్ధుడి పెదవినీ దానితోనే పోల్చారు. క్రీ.శ. 406లో కుమారజీవుడు చాంగాన్ నగరంలో చైనా భాషలోకి తెచ్చిన సద్ధర్మపుండరీక సూత్రంలో ఈ పోలిక ఉంది. అక్కడ బింబాన్ని అనువదించలేదు, శబ్దాన్నే రెండక్షరాల్లో రాశారు. ఇప్పుడు వాటిని ‘పిన్‌పో’ అని చదువుతారు గానీ, ఆనాటి పలుకు ‘బిన్‌బా’కు దగ్గర. నా ఒళ్లు పులకరించింది ఇక్కడే.

సూత్రం చదివినవాళ్లకు పేరు తెలిసింది, పండు తెలియదు. ఎర్రనిదని మాత్రం తెలుసు. రానురాను ఆ పేరు చైనా ఉత్తరాదిన కాసే ఆపిల్‌కు అంటుకుంది. మింగ్ వంశం నాటికి ‘పో’ రాలిపోయి, పండు అనే అర్థమున్న ‘గువో’ చేరింది. 1621 నాటి ‘ఛ్యున్‌ఫాంగ్ పు’ అనే మొక్కల గ్రంథంలో పింగ్‌గువో కనిపిస్తుంది. 1871లో అమెరికన్ మిషనరీ జాన్ నీవియస్ యాన్‌తాయ్‌లో పడమటి రకాలు నాటాక, ఆ కొత్త పండుకూ ఇదే పేరు నిలిచింది.

మాట మా ఊరి నుంచే పోయిందని అనను. కానీ బౌద్ధం మాకు దూరం కాదు. కోహెడ ఉన్న పాత కరీంనగర్ జిల్లాలోనే ధూళికట్ట స్తూపం ఉంది. నాగార్జునకొండలో ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 14వ పాలనా సంవత్సరపు శాసనంలో, సింహళ భిక్షువులు ధర్మం చేర్చిన దేశాల వరుసలో చీనా పేరు చెక్కి ఉంది.

ఇదంతా చెబితే మేనల్లుడు లేచి దడి దగ్గరికి పోయాడు. చిలకలు వదిలిన పండొకటి తెంపుకొచ్చి ఆపిల్ ముక్కల పక్కన పెట్టాడు. ‘పింగ్, బింబ’ అని రెండూ ఒకదాని వెంట ఒకటి మెల్లగా పలికి చూసుకున్నాడు.