కొండ మీద ద్రాక్షసారా, గట్టు మీద కల్లు

లాంచీ ఇంజను మొదలైందంటే విజయపురి సౌత్ రేవులో మాటలన్నీ కేకలైపోతాయి. పై అంతస్తుకే ఎక్కండి. కింద కూర్చుంటే డీజిలు వాసన తప్ప ఏమీ మిగలదు. మాఘమాసం, ఎండ ఇంకా ముదరలేదు, నీళ్ళ మీది గాలికి చెవులు చల్లబడుతున్నాయి. పక్క బెంచీ మీద ఒకావిడ అప్పుడే పులిహోర పొట్లం విప్పింది. ఇంగువ వాసనకు చుట్టూ కూర్చున్నవాళ్ళ తలలు అటు తిరిగాయి. రేవు ఇంకా కనబడుతూనే ఉంది, ఆ పొట్లం మాత్రం ఖాళీ.

మన కాళ్ళ కింద, ఈ నీళ్ళ అడుగున, ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉంది. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్ డ్యాముకు శంకుస్థాపన చేశారు. అంతకు ఏడాది ముందు నుంచే ఆర్. సుబ్రహ్మణ్యం పురావస్తు బృందం ఈ లోయలో తవ్వుతోంది. నీళ్ళు ముంచెత్తేలోగా ఎంత వీలైతే అంత బయటికి తీయాలని 1960 దాకా ఒకటే పరుగు. కొన్ని కట్టడాలను రాయి రాయి విప్పి కొండ నెత్తిన పేర్చారు, కొన్నిటిని అనుపు దగ్గర గట్టున మళ్ళీ నిలబెట్టారు. అలా నెత్తి ఒక్కటీ మునగకుండా మిగిలిన కొండే నాగార్జునకొండ. పల్నాటికి ఉన్న దీవి అదే.

దిగగానే అందరూ ఫొటోలకు పోతారు. మీరు మ్యూజియంలోకి నడవండి. బయటి వెలుగు నుంచి లోపలికి వస్తే ముందు ఏమీ కనబడదు. కాసేపటికి పల్నాటి సున్నపురాయి మెల్లగా తేలుతుంది, మడతలూ నగలూ వేళ్ళూ ఒక్కొక్కటే. బుద్ధుడి కథలు చాలా ఉన్నాయి. నాకు మాత్రం ఈ లోయలో రాజభవనం ఉన్న చోట దొరికిన స్తంభశిల్పాల్లోని ఇద్దరు పరదేశులంటే ఇష్టం. ఒకడు పొడుగు కోటూ టోపీ వేసుకున్న శకుల సైనికుడు, బల్లెం పట్టుకుని కాపలా కాస్తున్నాడు. రెండోవాడికి ఒంటి మీద చొక్కా లేదు, కొద్దిపాటి గడ్డం, చేతిలో తాగే కొమ్ము, పక్కన సారా పీపా. గ్రీకుల మద్యదేవత డయొనైసస్ పోలికలున్నాయంటారు. కాపలావాడి కంటే వీడే హాయిగా ఉన్నాడు.

వాడు ఇంత దూరం ఎలా వచ్చాడంటే, ఓడ ఎక్కి. మొదటి శతాబ్దంలో గ్రీకు భాషలో రాసిన 'పెరిప్లస్' అనే వర్తకుల పుస్తకంలో గుజరాత్ తీరాన భరుకచ్ఛం (ఇప్పటి భరూచ్) రేవులో దిగే సరుకుల పట్టీ ఉంది. అందులో ద్రాక్షసారా ఉంది, ఇటలీదైతే గిరాకీ ఎక్కువని కూడా ఉంది. నాగార్జునకొండ తవ్వకాల్లో రోమన్ బంగారు నాణేలు దొరికాయి. వాటిలో ఒకటి టైబీరియస్ చక్రవర్తిది. ఆయన రాజ్యాన్ని రోమ్‌లో వదిలేసి చివరి పదేళ్ళూ దక్షిణ ఇటలీలోని కాప్రి దీవిలో మకాం పెట్టాడు. అంటే, దీవిలో కూర్చుని ద్రాక్షసారా తాగిన రాజు బంగారం పల్నాటి లోయ దాకా వచ్చింది. ఇప్పుడు మనవాళ్ళు అదే కాప్రికి లక్షలు పోసి టిక్కెట్లు కొంటున్నారు. కొననివ్వండి.

తిరిగి రేవుకు వచ్చేసరికి ఒంటిగంట. ఆకలి కరకరలాడుతోంది. గట్టు మీద పాకలో బొచ్చె చేప ముక్కలకు కారం, ఉప్పు, అల్లంవెల్లుల్లి పట్టించి ఉంచారు. పెనం మీద పడగానే నూనె చిటపటలాడి పైకెగిరింది, కరివేపాకు వేశాక ఇంకా ఎగిరింది. పక్క పొయ్యి దగ్గర ఒకామె జొన్నరొట్టె తడుతోంది. వేణ్ణీళ్ళతో కలిపిన పిండిముద్దను పీట మీద పెట్టి, అరచేత్తో కొడుతూ తిప్పుతూ, అంచు పగిలితే తడివేలితో అతికించి, ఒక్క ఊపున పెనం మీదికి జార్చింది. పైన తడిగుడ్డ అద్దింది. రొట్టె పొంగింది.

"కొరివికారం ఎయ్యమంటావా అన్నా? మంటగా ఉంటది మళ్ళా," అంది.

"ఎయ్యక్కా, అందుకే వచ్చింది."

పండుమిరపకాయలు, చింతపండు, ఉప్పు కలిపి దంచిన ఎర్రటి ముద్ద. దాని మీద నూనె చుక్క. రొట్టె తుంచి అద్దుకుంటే ముందు పులుపు, తర్వాత ఉప్పు, ఆ తర్వాత చెవుల్లోంచి ఆవిరి. చేపముక్క వెన్నలా విడుతోంది గానీ నాకు రొట్టే గెలిచింది. వరన్నం పల్నాటికి కొత్త చుట్టం. 1967లో ఇందిరాగాంధీ సాగర్ కాలువలకు నీళ్ళు వదిలాక వచ్చింది. జొన్న మాత్రం ముందు నుంచీ ఇంటిమనిషి. పల్నాటి జొన్నకూడును వెక్కిరిస్తూ శ్రీనాథుడు చెప్పాడనే చాటువులు ఇప్పటికీ నోళ్ళలో తిరుగుతున్నాయి. పాపం, ఆయన కాలానికి మిరపకాయ ఈ దేశానికే రాలేదు. పోర్చుగీసువాళ్ళు తెచ్చింది ఆ తర్వాతే. కొరివికారం లేని జొన్నముద్దను తిట్టాడంటే తప్పు పట్టలేం.

పొద్దు వాలుతుండగా మాచర్ల దారిలో పొలం గట్టున ఆగాం. తాటిచెట్టు మీద నుంచి కత్తి గీస్తున్న చప్పుడు. పోతుతాళ్ళు గీసే కాలం ఇది. గెల కొసను రోజూ పల్చగా చెక్కి కుండ కడతారు, రసం చుక్క చుక్కగా దిగుతుంది. దిగుతుండగానే గాల్లోని ఈస్టు దాన్ని పట్టుకుంటుంది. అందుకే పొద్దుటి తీపి మధ్యాహ్నానికి ఉండదు, మర్నాటికి పులిసి నోట పెట్టనియ్యదు.

మోకు విప్పి దిగిన పెద్దాయన కుండలోని చీమల్ని వేలితో పక్కకు తోశాడు. తాటాకు దొప్ప చేసి చేతికిచ్చి వంచాడు. తెల్లగా, పల్చగా, అంచున నురగ. లేత తాటిముంజె వాసన, దాని వెనకే సన్నటి పులుపు. నాలుక మీది మంట ఒక్క గుక్కతో దిగిపోయింది. రెండో దొప్పకు గాలి కూడా బాగుందనిపించింది.

"బాబాయ్, ఒక సీసా నింపి ఇవ్వవా? నరసరావుపేటలో మావాళ్ళకు రుచి చూపిస్తా."

ఆయన నా చేతిలోని సీసా వంక, నా వంక చూశాడు.

"సీసాలో పోసి మూత బిగిస్తే మాచర్ల దాటకముందే పేలుద్దయ్యా. మీవాళ్ళకు కావాలంటే వాళ్ళనే తోలుకురా. నువ్వు తాగేదేందో ఈడనే తాగు," అని దొప్ప మళ్ళీ నింపాడు.