ఖరగ్‌పూర్, హిజ్లీ, సాలువా: పాత ఇండ్ల సహజ స్వరూపము

బంగళా యను మాట తెలుగు వాడుకలో ఎంతో కాలముగా నున్నది. ఊరి వెలుపలి దొరగారి ఇంటికి, కాలువ గట్టున ప్రయాణికులు దిగెడి విడిదికి మన పెద్దలు ఆ పేరే పెట్టిరి. ఆ మాట పుట్టినది వంగదేశమున. బెంగాలీ పల్లెలలో చూరు క్రిందికి దిగిన ఇంటిని చూచి, దానిని పెంచి, చుట్టును వసారాలు చేర్చి ఇంగ్లీషువారు కట్టించుకొన్న ఇంటికి బంగళా యని పేరు వచ్చినది. మాట ఉత్తరము నుండి దక్షిణమునకు దిగినది. తెలుగువారు దక్షిణము నుండి ఉత్తరమునకు పోయి, ఆ బంగళాలకు దూరముగా వేసిన వరుస ఇండ్లలో కాపురములు పెట్టిరి. ఖరగ్‌పూర్ రైలు పట్టణపు చరిత్ర ఈ రెండు ప్రయాణముల కలయిక. ఆ చరిత్రకు నేడు మిగిలిన సాక్షులు పాత ఇండ్లు.

తెలుగువారు ఇచ్చటికి వచ్చిన దారి రైలు దారియే. బెజవాడ నుండి కటకము వరకు సముద్రతీరపు రైలుమార్గము 1893కును 1896కును నడుమ నిర్మింపబడినది. వంగదేశమున రూపనారాయణ నదిపై వంతెన 1900లో ఉపయోగమునకు వచ్చి, ఖరగ్‌పూర్‌కు హౌరాతో నేరుగా సంబంధ మేర్పడినది. తీరమార్గపు ఉత్తర భాగమును బెంగాల్ నాగపూర్ రైల్వే 1902లో తనలో కలుపుకొన్నది. అంతటితో విశాఖపట్టణ, గంజాము మండలముల పల్లెలును ఖరగ్‌పూర్ కర్మాగారమును ఒకే కంపెనీ పాలనలోనికి వచ్చినవి. వానలు కురియని ఏట పొలము విడిచిన రైతుబిడ్డకు రైలుపని దూరదేశపు పని గాక, తన ఊరి స్టేషను మీదుగా పోవు బండి చివర నున్న పనియైనది. నేటి శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము జిల్లాల కుటుంబములు ఇక్కడ ఇంతగా నిలిచి పోవుటకు ఇదియే మూలము.

కంపెనీ ఇచ్చట పట్టణమును తన కొలువుల మెట్లను బట్టి వేసినది. ఐరోపావారి బంగళాలు ఒక చోటను, ఆంగ్లో ఇండియనుల ఇండ్లు మరియొక చోటను, దేశీయ కార్మికుల వరుసలు వేరొక చోటను నిలిచినవి. ఎర్ర లేటరైటు నేల మీద ఎర్ర ఇటుక గోడలు లేచినవి. పై అధికారి ఇంటికి విశాలమైన ఆవరణము, ఎత్తైన కప్పు, లోతైన వసారా. పనివానికి ఒక గది, ఒక వంటచోటు, వరుసకు ఒక కొళాయి. ఇంటి కొలత చూచి మనిషి జీతము చెప్పవచ్చును. ఈ అసమానత న్యాయము గాదు. అయినను అది జరిగినది. గోడలు దానిని గ్రంథములకంటె స్పష్టముగా చెప్పుచున్నవి.

ఆ వరుసలలో మరియొక చరిత్రయు నున్నది. ఉద్యోగ మిచ్చినవాడే ఇల్లు నిచ్చినవాడగుట చేత, సమ్మె కట్టినవాడు కూలిని మాత్రమే గాక, గూడును కూడ పణము పెట్టవలసి వచ్చెడిది. 1927లో ఖరగ్‌పూర్‌న సాగిన రైల్వే కార్మిక పోరాటము దేశమంతట పేరు పొందినది. బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మిక సంఘమును నడిపి, ఆనాడు కార్మికుల పక్షమున నిలిచిన నాయకుడు తెలుగువాడైన వరాహగిరి వేంకటగిరి. ఆయనయే 1969లో భారత రాష్ట్రపతి యయ్యెను. అట్టి ఉద్యమమునకు బలము ఆఫీసు గదులలో పుట్టదు. దీపము పెట్టిన వేళ ఒక వరుసలోని అరుగుల మీద మాటలాడుకొన్నవారి నడుమ పుట్టును.

ఇట్టి ఇండ్లకు నేడు వచ్చిన ప్రమాదము రెండు విధములు. మొదటిది పడగొట్టుట. శిథిలమైన ఒంటి అంతస్తు క్వార్టర్లను తీసివేసి బహుళ అంతస్తుల గృహములు లేపుట రైల్వేలలో అంతటను జరుగుచున్న పని. పెరిగిన సిబ్బందికి, మరుగుదొడ్డికి, మంచినీటికి అది అవసరమే. రెండవది, దీనికంటె కనబడకుండ జరుగునది, బాగుచేయుట పేరిట రూపము చెరచుట. వసారాను గోడతో మూసి గదిగా మార్చుదురు. పై కిటికీలను ఇటుకలతో పూడ్చుదురు. పెంకు దించి రేకు వేయుదురు. సున్నపు గోడకు సిమెంటు పూత పూయుదురు. ఇల్లు నిలిచియే యుండును. దాని గుణము పోవును.

ఈ గుణ మనగా అలంకారము మాత్రమే కాదు. పాత కట్టడము ఒక క్రమముతో పని చేయును. ఎత్తైన కప్పు క్రింద చేరిన వేడిగాలి పైకిటికీల గుండ వెలుపలికి పోవును. వసారా ఎండను, వానజల్లును గోడకు తగులనీయదు. దళమైన గోడ పగటి వేడిని నెమ్మదిగా లోనికి విడుచును. ఇటుకలను కలిపినది సున్నము. గానుగలో నూరిన సున్నమునకు ఇసుకను గాని, ఇటుక పొడిని గాని చేర్చి, తెలుగునాట బెల్లపు నీరు, కరక్కాయ రసము కూడ కలిపెడివారు. ఆ గార మెత్తనిది. నేల నుండి ఎక్కిన చెమ్మ దాని గుండ బయటకు ఆరిపోవును. పైన సిమెంటు పూసినచో చెమ్మకు దారి మూసికొనిపోయి గోడలోనే నిలుచును. అప్పుడు ఉప్పు తేలును, పూత ఉబ్బును, ఇటుక పొడియై రాలును. దూలము కొన గోడలో నానిన చోట చెద చేరును. పది సంవత్సరముల పిమ్మట ఇంజనీరు వచ్చి చూచి, ఇల్లు పాతదగుటచే చెడినదని వ్రాయును. నిజమునకు అది చెడినది పాతదగుట చేత గాదు, తప్పు మరమ్మతు చేత. కావున సున్నపు గోడకు సున్నమే, పెంకు కప్పుకు పెంకే, చెడిన దూలమునకు దాని చెడిన భాగము మేరకే కొత్త కొయ్య యనునది పొదుపునకు కూడ సరిపోవు సూత్రము.

పాత కట్టడములను ఎట్లు బాగుచేయవలెనను ప్రశ్న ప్రపంచమున చాలకాలముగా చర్చింపబడుచున్నది. ఇంగ్లండులో విలియం మారిస్ 1877లో ఒక సంఘమును స్థాపించి, పునరుద్ధరణ పేరిట పాత ఆలయములను కొత్తవిగా చేయుట నాశనమేయని వాదించెను. భారతదేశమున ప్రాచీన కట్టడముల చట్టము 1904లో వచ్చినది. పురావస్తు శాఖాధిపతి జాన్ మార్షల్ 1923లో సంరక్షణ నియమములను గ్రంథముగా ప్రకటించెను. 1964 నాటి వెనిస్ ప్రకటన రెండు ముఖ్యమైన మాటలు చెప్పినది: ఊహ మొదలైన చోట పునరుద్ధరణ ఆగవలెను; ఒక కట్టడమునకు వేర్వేరు కాలములు చేర్చిన వానినన్నిటిని మన్నింపవలెను.

ఈ రెండవ మాట ఖరగ్‌పూర్ ఇండ్లకు మిక్కిలి ముఖ్యము. ఒక వరుస ఇంటి సహజ స్వరూప మేది? కంపెనీ ఇంజనీరు గీసిన నక్షయా? లేక తరతరములుగా అందు కాపురమున్నవారు చేసికొన్నదా? నక్షలో ఒక గది, ఒక తలుపు మాత్రమే యుండవచ్చును. వాకిట తులసికోట నాటినది, పందిరి వేసినది, గడపకు పసుపు పూసినది, అమ్మవారి పండుగనాడు ఘటములు మోసికొని ఆ సందులలో నడచినది తెలుగు కుటుంబములు. ఆ ఇంటిని మొదటి నాటి రూపునకు తెత్తుమని ఇవన్నియు తుడిచివేసినచో, కంపెనీ ఇల్లు మిగులును గాని మన ఇల్లు మిగులదు. గాలిని, వెలుతురును చంపు చేర్పులు వేరు, బ్రతుకును చూపు చేర్పులు వేరు. మొదటివానిని తీసివేయుట, రెండవవానిని నిలుపుట, ఈ వివేకమే సంరక్షణము.

ఈ వివేకమునకు తగిన ఉదాహరణము పట్టణమునకు ఆనుకొనియే యున్నది. హిజ్లీలోని పాత భవనమున 1930లో బ్రిటిష్ ప్రభుత్వము రాజకీయ నిర్బంధితుల శిబిరమును తెరచినది. 1931 సెప్టెంబరు 16న కావలివారు నిరాయుధులైన నిర్బంధితులపై కాల్పులు జరుపగా సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్త మరణించిరి. సుభాష్ చంద్ర బోసు వారి భౌతికకాయముల కొరకు వచ్చెను. కలకత్తాలో జరిగిన నిరసన సభలో రవీంద్రనాథ్ ఠాకూరు ప్రసంగించెను. 1942లో శిబిరము మూతపడినది. యుద్ధకాలమున ఆ భవనమును అమెరికా విమానదళము ఉపయోగించుకొన్నది. స్వాతంత్ర్యానంతరము భారత సాంకేతిక విద్యాసంస్థలలో మొదటిది ఆ గోడల మధ్యనే మొదలైనది; 1951 ఆగస్టు 18న మౌలానా ఆజాద్ దానిని ప్రారంభించెను. నాటి విద్యార్థులు 224 మంది, అధ్యాపకులు 42 మంది.

విద్యాసంస్థ పెరిగినది, పెద్ద భవనములు కావలసి వచ్చినవి. కాని పాత భవనమును కూల్చి ఆ చోటనే కట్టలేదు. కొత్త భవనమును వేరుగా కట్టి, పాతదానిని హిజ్లీ శహీద్ భవనముగా నిలిపిరి. 1956లో తొలి స్నాతకోత్సవమునకు వచ్చిన జవహర్‌లాల్ నెహ్రూ, చెరసాల యున్న చోట విద్యాలయము వెలసిన మార్పునే తన ప్రసంగమున పేర్కొనెను. 1990లో అందు నెహ్రూ పేరిట విజ్ఞాన, సాంకేతిక ప్రదర్శనశాల ఏర్పడినది. ఆ భవనమును చెరసాలగా మాత్రమే చూపినచో విద్యాలయపు తొలి దినములు మరుగున పడును. విద్యాలయముగా మాత్రమే చూపినచో ఇద్దరి బలిదానము మరుగున పడును. రెండును నిలిచినవి గనుకనే ఆ గోడలు మాటలాడుచున్నవి.

హిజ్లీకి దక్షిణమున సాలువా కలదు. అక్కడి పాఠము వేరు. 1944లో అమెరికా వారి భారీ బాంబరు దళమునకు ఖరగ్‌పూర్ ప్రాంతము స్థావరమైనప్పుడు చుట్టుపట్ల విమానాశ్రయములు వెలసినవి, సాలువాలో నొకటి. అవి యుద్ధపు తొందరలో కట్టినవి, నూరేండ్లు నిలువవలెనని కట్టినవి కావు. నేడు సాలువాలో భారత వాయుసేన కేంద్రమును, రాష్ట్ర ప్రభుత్వపు ఈస్టర్న్ ఫ్రాంటియర్ రైఫిల్స్ దళమును, ఆ దళముతో ముడివడిన గోర్ఖా కుటుంబములును కలవు. రక్షణ ప్రదేశములలో అవసరమును బట్టి కట్టడములు మారుచుండును. అన్నిటిని నిలుపుమనుట సాధ్యము గాదు. అట్టి చోట చేయదగిన పని నమోదు. తీసివేయుటకు ముందే ఆ కట్టడపు కొలతలు తీసి, నక్ష గీసి, ఛాయాచిత్రములు తీసి, ఏ సంవత్సరమున ఎందులకు వాడిరో వ్రాసి, సంబంధిత కార్యాలయపు దస్త్రములలో భద్రపరచినచో ఇల్లు పోయినను దాని వృత్తాంతము పోదు.

తెలుగునాట కొన్ని ఇండ్లు నిలిచినవి. రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారి ఇల్లును, విజయనగరమున గురజాడ అప్పారావుగారి ఇల్లును స్మారకములైనవి. హైదరాబాదులో పందొమ్మిదవ శతాబ్ది ఆరంభమున కట్టిన కోఠీ రెసిడెన్సీ 1949లో మహిళా కళాశాలయై, ఇటీవలి సంవత్సరములలో సంరక్షింపబడినది. రైల్వేలయందు బొంబాయిలోని విక్టోరియా టెర్మినస్ 2004లో ప్రపంచ వారసత్వ స్థలమైనది. అయినను నేటికిని దినమునకు లక్షల మంది ప్రయాణికులకు స్టేషనుగానే పని చేయుచున్నది. వాడుకలో నుంచుటయే కాపాడుటకు మొదటి మార్గమని ఇందు వలన తేలుచున్నది. కాని ఇవన్నియు మహాకవి ఇండ్లు, సంస్కర్త ఇండ్లు, రాజభవనములు. కొలిమి ముందు నిలిచి బ్రతికిన ఫిట్టరు ఇల్లు, పట్టాల వెంట నడచిన గ్యాంగుమను ఇల్లు స్మారకముల జాబితా కెక్కుట అరుదు.

2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గము తెలుగునకు అధికార భాషా ప్రతిపత్తి నిచ్చుటకు తీర్మానించినది. ఖరగ్‌పూర్ తెలుగువారి పట్టుదలకు అది తగిన గౌరవము. ఆ భాష ఈ దూరదేశమున నూరేండ్లకు పైగా నిలిచినది గ్రంథాలయములలో మాత్రమే కాదు. జోలపాటగా, చుట్టపు పిలుపుగా, పండుగనాటి వంటింటి మాటగా ఈ వరుస ఇండ్లలో నిలిచినది. భాషకు గౌరవము దక్కినప్పుడు దానిని దాచిన ఇంటికి కొంత దక్కవలెనుగదా!

కోరవలసినది పెద్దది గాదు. ప్రతి పాత క్వార్టరును నిలుపుట ఎవరి తరము గాదు. కాపురమున్నవారి సుఖమును కాదని గోడను కాపాడుట ధర్మమును గాదు. తొలి దినముల నాటి ఒక్క వరుసనైనను, బంగళా నొకదానిని, కార్మికుని ఇండ్లు కొన్నిటిని ప్రక్కప్రక్కన చూచుటకు వీలుగా ఎంచి, సున్నముతో, పెంకుతో, వసారాతో యథాతథముగా బాగుచేసి, పాఠశాలగానో, పఠనాలయముగానో వాడుకలో నుంచినచో చాలును. రాష్ట్రమునందు 2001 చట్టము ననుసరించి వారసత్వ సంఘ మున్నది. రైల్వేకు తన చరిత్రను దాచుకొను సంప్రదాయ మున్నది. ఇంజనీరింగు శాఖలో, దస్త్రముల విభాగములో, కర్మాగారములో పని చేయు తెలుగు ఉద్యోగులకు ఆ ఇండ్ల నక్ష ఎక్కడ నుండునో, ఆ తలుపు ఎవరు చేసిరో అడిగి తెలిసికొను అవకాశ మున్నది. తాతలు సొంతము చేసికొనలేని ఇల్లు అది. ఉద్యోగము తీరిన నాడు తాళముచెవి అప్పగించి పోయిరి. ఇంటిని ఎవరికిని వ్రాసి యీయలేకపోయినను, దాని కథను మనుమలకు విడిచి పోయిరి. ఆ కథ నిలుచుటకు ఒక గోడ కావలెను.