ముప్పై నాలుగు నిమిషాల ఆటగాడు

1948 జూన్ 26, కోపెన్‌హాగెన్. డెన్మార్క్ చేతిలో పోలండ్ 0-8తో చిత్తయింది. ఆ రోజే మొదటిసారి జాతీయ జట్టుకి ఆడిన ఒక ఫార్వర్డ్‌ని ముప్పై నాలుగో నిమిషంలో బయటికి పిలిచేశారు. మళ్ళీ ఎప్పుడూ ఆడించలేదు. పేరు కజిమీజ్ గూర్‌స్కి. అంతర్జాతీయ ఆటగాడిగా ఆయన కథ అంతటితో సరి.

ఆయన 1921లో ల్వూఫ్‌లో పుట్టాడు. అప్పుడది పోలండ్ ఊరు. యుద్ధంలో సోవియట్లు వచ్చారు, జర్మన్లు వచ్చారు, మళ్ళీ సోవియట్లు వచ్చారు. ఈ కుర్రాడు ఊరు కదలకుండానే సోవియట్ క్లబ్బుల తరఫున కూడా ఆడాడు. 1945లో సరిహద్దు జరిగింది, ల్వూఫ్ పోలండ్‌లో లేకుండా పోయింది. ఆయన వార్సా చేరి, సైన్యం క్లబ్బు లెగియాలో ఆడాడు. ఆ తర్వాత కోచింగ్. 1970 చివర్లో జాతీయ జట్టు చేతికొచ్చేసరికి వయసు యాభైకి దగ్గర.

రెండేళ్ళు తిరక్కుండా మ్యూనిక్ ఒలింపిక్స్‌లో బంగారు పతకం. దారిలో సోవియట్ యూనియన్‌ని 2-1తో ఓడించారు; ఫైనల్లో సగం ఆట దాకా వెనకబడి, దెయ్‌నా కొట్టిన రెండు గోళ్ళతో హంగరీనీ ఓడించారు. ఒలింపిక్స్ అప్పుడు అమెచ్యూర్ల పోటీ. పోలిష్ ఆటగాళ్ళు కాగితం మీద సైనికులు, గని కార్మికులు. నిజానికి పొద్దస్తమానం ఫుట్‌బాలే ఆడేవాళ్ళు. ఆ పతకాన్ని పడమటి దేశాలు పెద్దగా లెక్కచెయ్యకపోవడానికి అదో కారణం.

లెక్క చెయ్యాల్సి వచ్చింది 1973 అక్టోబర్ 17న, వెంబ్లీలో. వరల్డ్ కప్‌కి వెళ్ళాలంటే ఇంగ్లండ్ గెలిచి తీరాలి, పోలండ్‌కి డ్రా చాలు. ఆ మ్యాచ్ నేను మూడుసార్లు చూశాను. చూసిన ప్రతిసారీ ఇంగ్లండే గెలుస్తుందనిపిస్తుంది, ఫలితం తెలిసి కూడా! బంతి పోలండ్ గోల్ ముందు నుంచి కదలదు. గోల్‌కీపర్ తొమషెవ్‌స్కి కాళ్ళతో, మోకాళ్ళతో, దేనితో పడితే దానితో ఆపుతుంటాడు. ఇంగ్లిష్ టీవీలో బ్రయన్ క్లఫ్ అతన్ని జోకర్ అన్నాడు. యాభై ఏడో నిమిషంలో టచ్‌లైన్ దగ్గర హంటర్ బంతి పోగొట్టుకున్నాడు, లాతో పరిగెత్తి అందించాడు, దొమార్‌స్కి కొట్టాడు. కాసేపటికి ఇంగ్లండ్‌కి పెనాల్టీ వచ్చి సమమైంది. 1-1. ఇంగ్లండ్ ఇంటికి, పోలండ్ వరల్డ్ కప్‌కి.

ఈ కథని అందరూ గోల్‌కీపర్ అద్భుతంగా చెప్తారు. నాకు మాత్రం ఆ గోల్‌కీపర్ అక్కడికి ఎలా వచ్చాడన్నదే అసలు కథ. తొమషెవ్‌స్కి మొదటి అంతర్జాతీయ మ్యాచ్ 1971లో, వార్సాలో. పశ్చిమ జర్మనీ 3-1తో గెలిచింది, నింద ఇతని మీద పడింది. మ్యూనిక్ జట్టులో చోటు దక్కలేదు. అలాంటివాణ్ణి 1973 జూన్‌లో, ఇంగ్లండ్ పోలండ్‌కి వచ్చినప్పుడు, గూర్‌స్కి మళ్ళీ గోల్‌లో నిలబెట్టాడు. పోలండ్ 2-0తో గెలిచింది. ఒక్క మ్యాచ్‌తో పక్కన పెట్టేస్తే ఎలా ఉంటుందో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు కదా. ఇది నా ఊహే, ఆయన ఎక్కడా అన్నట్టు కాదు.

ఆ జూన్ మ్యాచ్‌లోనే కెప్టెన్ లుబాన్‌స్కి మోకాలు దెబ్బతింది. అతను లేకుండానే 1974లో పశ్చిమ జర్మనీ వెళ్ళి, అర్జెంటీనానీ ఇటలీనీ ఓడించారు. ఫైనల్‌కి అడ్డుగా మిగిలింది ఆతిథ్య దేశం. ఫ్రాంక్‌ఫర్ట్‌లో కుండపోత. మైదానంలో నీళ్ళు తోడి మరీ ఆడించారు. పోలండ్ బలమంతా అంచుల్లో పరిగెత్తే లాతో, గదోహాలది. బురదలో బంతే దొర్లకపోతే పరుగెక్కడ? తొమషెవ్‌స్కి పెనాల్టీ ఆపాడు కానీ ముల్లర్ గోల్ కొట్టేశాడు. 0-1. మూడో స్థానం కోసం బ్రెజిల్‌ని ఓడించారు. ఏడు గోళ్ళతో లాతో టోర్నీ టాప్ స్కోరర్.

బంతి గుండ్రంగా ఉంటుంది, గోల్‌పోస్టులు రెండు వైపులా ఉంటాయి అన్న మాట పోలండ్‌లో ఆయన పేరు మీదే తిరుగుతుంది. ఇంత చిన్న మాటకి అంత పేరెందుకా అనుకునేవాణ్ణి. ఫ్రాంక్‌ఫర్ట్ మ్యాచ్ చూశాక అనుకోవడం మానేశాను.

1976 మాంట్రియల్ ఫైనల్లో తూర్పు జర్మనీ చేతిలో 1-3. వెండి పతకం. ఆ వెండినే వైఫల్యం అన్నారు, ఆయన తప్పుకున్నాడు. గ్రీస్ వెళ్ళి 1977లో పనథినాయికోస్‌కి లీగూ కప్పూ రెండూ గెలిపించాడు. 1981లో, దాని బద్ధశత్రువు ఒలింపియాకోస్‌కి కూడా అవే రెండూ.