మునిగుడ నుంచి విశాఖ దాకా: మేధో వైకల్యం గలవారి వసతి సంరక్షణ చరిత్ర

పుట్టుకతోనో పసితనంలోనో బుద్ధి వికాసం మందగించి, నేర్చుకోవడంలోనూ రోజువారీ పనులు చక్కబెట్టుకోవడంలోనూ జీవితాంతం కొంతో గొప్పో ఇతరుల ఆసరా కావలసివచ్చే స్థితిని మేధో వైకల్యం అంటారు. ఏ వయసులోనైనా తలెత్తగలిగి, చికిత్సతో అదుపులోకి రాగల మానసిక వ్యాధి దీనికి భిన్నమైనది. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడం వల్ల మేధో వైకల్యం గలవారి సంరక్షణకు జరిగిన హాని చాలాకాలం కొనసాగింది.

ఆ హాని మునిగుడ వంటి కొండప్రాంతాన్ని ఎలా తాకిందో చూడాలంటే ముందు విశాఖతో దాని బంధం తెలియాలి. నియమగిరి కొండల చేరువలోని మునిగుడ నేడు ఒడిశాలోని రాయగడ జిల్లాలో ఉన్నప్పటికీ, 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమై కోరాపుట్ జిల్లా ఏర్పడేవరకు ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లా ఏజెన్సీలో భాగంగా ఉండేది. 1931లో పూర్తయిన విజయనగరం–రాయపూర్ రైలు మార్గం ఈ బంధాన్ని మరింత బిగించింది. సరిహద్దు మారినా, 1992లో రాయగడ వేరే జిల్లా అయినా, పెద్ద వైద్యం కోసం విశాఖ వైపు చూసే అలవాటు ఇక్కడి కుటుంబాలను వీడలేదు.

ఆ విశాఖలోనే, మద్రాసు, కాలికట్‌లతో పాటు, 19వ శతాబ్దిలో ప్రెసిడెన్సీ ప్రభుత్వం ఒక ఉన్మాద చికిత్సాలయాన్ని నడిపింది. జనం నోట ఇలాంటివన్నీ పిచ్చాసుపత్రులే. 1912 నాటి భారత ఉన్మాద చట్టం పుట్టు మందబుద్ధిని కూడా ‘ఉన్మాది’ అనే నిర్వచనంలోనే చేర్చింది. మేజిస్ట్రేటు ఉత్తర్వు, నిర్బంధం, ఆస్తి నిర్వహణ ఆ చట్టానికి ముఖ్యాంశాలు కాగా, నేర్పడం, ఎదగనివ్వడం దాని దృష్టిలో లేవు. 1993లో అమల్లోకి వచ్చిన 1987 నాటి మానసిక ఆరోగ్య చట్టం చివరికి బుద్ధిమాంద్యాన్ని మానసిక రోగి నిర్వచనం నుంచి స్పష్టంగా తప్పించింది.

చట్టం కంటే ముందే కొన్ని సంస్థలు ఈ తేడాను గ్రహించాయి. 1944లో బొంబాయిలో జై వకీల్ పాఠశాల, 1968లో హైదరాబాదులో ఠాకూర్ హరిప్రసాద్ సంస్థ, 1984లో సికింద్రాబాదులో కేంద్ర ప్రభుత్వపు జాతీయ మానసిక వికలాంగుల సంస్థ ఏర్పడి, ప్రత్యేక విద్యకూ ఉపాధ్యాయుల శిక్షణకూ బాట వేశాయి. అయితే ఈ కృషిలో ఎక్కువ భాగం బాలల చదువు చుట్టూ తిరిగింది. పెద్దవారైన బిడ్డల గురించి ‘మేం పోయాక వీళ్లను ఎవరు చూస్తారు?’ అని తల్లిదండ్రులు అడిగే ప్రశ్నకు జవాబు మాత్రం వెనకబడే ఉండిపోయింది.

వసతి కల్పించినంత మాత్రాన సంరక్షణ మంచిదైపోదని ఇతర దేశాల అనుభవం చెబుతుంది. బ్రిటన్‌లో కార్డిఫ్ నగరపు ఈలీ ఆసుపత్రిలో మేధో వైకల్యం గలవారి పట్ల జరిగిన దౌర్జన్యాలపై 1969లో వెలువడిన విచారణ నివేదిక, బయటివారి కన్ను పడకుండా నడిచే పెద్ద సంస్థల్లో క్రూరత్వం ఎలా మామూలైపోతుందో బయటపెట్టింది. 1971లో బ్రిటిష్ ప్రభుత్వం అలాంటి ఆసుపత్రుల స్థానంలో స్థానిక నివాసాలను పెంచే విధానాన్ని ప్రకటించింది. భారతదేశంలో 2009 నాటి సుచిత శ్రీవాస్తవ కేసులో, ప్రభుత్వ ఆశ్రయంలో ఉంటూ అత్యాచారానికి గురైన, మేధో వైకల్యం గల ఒక మహిళ గర్భం విషయంలో ఆమె సమ్మతి లేకుండా నిర్ణయం తీసుకోరాదని సుప్రీంకోర్టు తేల్చింది. ఆశ్రయం పొందినవారికి సొంత ఇష్టం ఉంటుందన్న సత్యాన్ని న్యాయస్థానం గుర్తుచేయవలసిరావడమే సంరక్షణ ఎంత లోపభూయిష్టమో చెబుతుంది.

1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం, మేధో వైకల్యం గలవారిలో పద్దెనిమిదేళ్లు నిండినవారికి అవసరమైతే సంరక్షకుణ్ని నియమించే స్థానిక స్థాయి సమితిని జిల్లా యంత్రాంగానికి ముడిపెట్టింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం రిజిస్ట్రేషన్ లేని సంస్థలు నడపరాదని విధించడమే కాక, సమాజం మధ్య జీవించే హక్కునూ, ఫలానా చోటే ఉండాలన్న నిర్బంధం లేకపోవడాన్నీ గుర్తించింది.

కాగితం మీది ఈ హక్కుకు కొండప్రాంతంలో అర్థం రావాలంటే భాషను లెక్కలోకి తీసుకోవాలి. మునిగుడ చుట్టుపక్కల కువి, ఒడియా, తెలుగు వినిపిస్తాయి. మాటలు తక్కువ వచ్చిన వ్యక్తిని తన భాష తెలియని దూరపు వసతి గృహానికి పంపితే, ఆకలి, నొప్పి, భయం చెప్పుకునే దారి కూడా మూసుకుపోతుంది. అయినవాళ్లు వచ్చి చూసిపోవడం తగ్గినకొద్దీ లోపల జరిగేది అడిగేవారూ తగ్గుతారు. కాబట్టి గోడల ఎత్తును బట్టో మంచాల సంఖ్యను బట్టో నాణ్యతను కొలవడం తగదు. ఇంటికి దగ్గరగా, కొద్దిమందితో, వారి భాష మాట్లాడే ఆయాలతో, ఎప్పుడైనా తలుపు తట్టగల బంధువులతో నడిచే నివాసమే మంచి నివాసం. అలాంటి ఇళ్లు రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో వెలిసేలా చూడడం ప్రభుత్వాల బాధ్యత. వాటి తలుపు తట్టి లోపలివారి బాగోగులు అడగడం ఊరివారి బాధ్యత.