జాన్ హంఫ్రీస్

జాన్ హంఫ్రీస్ (పూర్తి పేరు డెస్మండ్ జాన్ హంఫ్రీస్, జననం 1943 ఆగస్టు 17, కార్డిఫ్) వేల్స్‌కు చెందిన పాత్రికేయుడు, టెలివిజన్, రేడియో వ్యాఖ్యాత. 1966లో విలేఖరిగా బీబీసీలో చేరారు. 1981 నుంచి 1987 వరకు రాత్రి తొమ్మిది గంటల టీవీ వార్తలు, 1987 నుంచి 2019 వరకు రేడియో 4లో ఉదయం వచ్చే ‘టుడే’ కార్యక్రమం, 2003 నుంచి 2021 వరకు ‘మాస్టర్‌మైండ్’ క్విజ్ ఆయన నడిపారు. మంత్రి ఎవరైనా జవాబు దాటవేస్తే అదే ప్రశ్న మళ్ళీ, కావాలంటే మూడోసారి కూడా వేయడం ఆయన పద్ధతి. బ్రిటన్‌లో ఒక తరం రాజకీయ నాయకులు ఆ పద్ధతికి భయపడ్డారు. పార్టీల తేడా లేకుండా అందరూ ఆయనపై ఫిర్యాదులూ చేశారు.

బాల్యం, తొలి ఉద్యోగాలు

కార్డిఫ్‌లో ఉక్కు కర్మాగారం పొగ కింద బతికే కార్మికుల పేట స్ప్లాట్. హంఫ్రీస్ అక్కడే పెరిగారు. తండ్రి చెక్క సామానుకు మెరుగు పెట్టే పనివాడు, సొంతంగా పని చేసుకునేవాడు. తల్లి జుట్టు కత్తిరించే పని చేసేది. ఐదుగురు పిల్లల ఇల్లు. చదువులో చురుకైనవాడు కావడంతో కార్డిఫ్ హైస్కూల్లో సీటు దొరికింది కానీ, మధ్యతరగతి పిల్లలు నిండిన ఆ బడిలో ఆయన ఇమడలేకపోయారు. పదిహేనేళ్ళకే చదువు మానేశారు. విశ్వవిద్యాలయం గడప తొక్కలేదు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ పట్టభద్రులతో నిండిన బీబీసీలో ఐదు దశాబ్దాలు గడిపిన మనిషి విషయంలో ఇది చిన్న సంగతి కాదు. పెద్ద చదువుల వాళ్ళు మెత్తగా మాట్లాడి ముగించే చోట ఆయన గొంతు గట్టిపడేది.

కార్డిఫ్ పక్కనున్న సముద్రతీర పట్టణం పెనార్థ్‌లో వెలువడే ‘పెనార్థ్ టైమ్స్’ వారపత్రికలో మొదటి ఉద్యోగం. అక్కడి నుంచి బొగ్గు గనుల లోయలోని ‘మెర్థర్ ఎక్స్‌ప్రెస్’కు, తర్వాత వేల్స్‌లో పేరున్న దినపత్రిక ‘వెస్టర్న్ మెయిల్’కు మారారు. ఆ పైన దక్షిణ వేల్స్, పశ్చిమ ఇంగ్లండ్ ప్రాంతాలకు ప్రసారాలు చేసే వాణిజ్య టీవీ సంస్థ టీడబ్ల్యూడబ్ల్యూలో చేరారు. ఆయన తమ్ముడు బాబ్ హంఫ్రీస్ (మరణం 2008) కూడా ఇదే రంగంలోకి వచ్చి, బీబీసీ వేల్స్ క్రీడావార్తల వ్యాఖ్యాతగా అక్కడి జనానికి సుపరిచితుడయ్యారు.

అబెర్‌వాన్

1966 అక్టోబరు 21, శుక్రవారం. మెర్థర్ దగ్గరి గని ఊరు అబెర్‌వాన్‌లో పాంట్‌గ్లాస్ ప్రాథమిక పాఠశాలకు ఆ రోజు దాటితే సెలవులు. ఉదయం సుమారు 9.15కు, పిల్లలు తరగతుల్లో కూర్చుంటున్న వేళ, ఊరి పైనున్న కొండ మీద గని నుంచి తెచ్చి పోసిన మట్టి, బొగ్గు వ్యర్థాల గుట్ట వాననీటికి నాని కిందికి జారింది. బడిని, పక్కనున్న ఇళ్ళను కప్పేసింది. 116 మంది పిల్లలు, 28 మంది పెద్దలు చనిపోయారు.

అప్పటికి హంఫ్రీస్ వయసు 23. టీడబ్ల్యూడబ్ల్యూ విలేఖరిగా అక్కడికి ముందుగా చేరినవారిలో ఆయనొకరు. మెర్థర్ పత్రికలో పనిచేసినవాడు కనుక ఆ లోయ, ఆ మనుషులు ఆయనకు తెలుసు. గనిలోంచి పైకొచ్చిన కార్మికులు పారలు పట్టుకుని బురద తవ్వుతున్నారు. వారిలో కొందరి పిల్లలు ఆ బురద కిందే ఉన్నారు. మధ్యమధ్య ఈల మోగేది, అందరూ పని ఆపేసి లోపలి నుంచి చిన్న అలికిడైనా వినిపిస్తుందేమోనని చెవి ఒగ్గేవారు. ఉదయం పదకొండు తర్వాత ఒక్కరూ ప్రాణాలతో బయటపడలేదు.

ఆ తర్వాత జరిగింది హంఫ్రీస్ వృత్తి జీవితానికి దుర్ఘటన కంటే దగ్గరి సంగతి. గుట్ట కింద నీటి ఊటలున్నాయని ఎవరికీ తెలియదని జాతీయ బొగ్గు బోర్డు అధ్యక్షుడు లార్డ్ రాబెన్స్ చెప్పారు. ఊళ్ళో వాళ్ళందరికీ తెలుసు. ఆ ఊటలు మ్యాపుల్లోనూ ఉన్నాయి. బడి వెనక పోస్తున్న ఆ వ్యర్థాల వల్ల ప్రమాదముందని స్థానిక మండలి ఇంజినీరు 1963లోనే హెచ్చరిస్తూ రాశారు. న్యాయమూర్తి ఎడ్మండ్ డేవిస్ అధ్యక్షతన విచారణ సంఘం 76 రోజులు కూర్చుని, 1967లో తప్పంతా బొగ్గు బోర్డుదేనని తేల్చింది. అయినా ఒక్కరి ఉద్యోగమూ పోలేదు, ఎవరి మీదా కేసు పెట్టలేదు. అంతకన్నా ఘోరం ఏమిటంటే, కొండ మీద మిగిలిన గుట్టలను తొలగించే ఖర్చుకు జనం బాధితుల కోసం ఇచ్చిన విరాళాల నిధి నుంచే 1,50,000 పౌండ్లు లాగారు. ఆ సొమ్మును ప్రభుత్వం తిరిగి ఇచ్చింది 1997లో.

హంఫ్రీస్ అబెర్‌వాన్ గురించి జీవితమంతా రాస్తూ, మాట్లాడుతూ వచ్చారు. అధికారంలో ఉన్నవాళ్ళు నిలకడైన గొంతుతో అబద్ధం చెప్పగలరనీ, జవాబు చెప్పకుండా తప్పించుకోగలరనీ 23 ఏళ్ళ వయసులో దగ్గరి నుంచి చూసిన మనిషి ఆయన. తర్వాత స్టూడియోలో ఆయన మొండితనాన్ని దురుసుతనం అన్నవాళ్ళు ఈ నేపథ్యాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

దేశాలు తిరిగిన కాలం

బీబీసీ ఆయన్ను మొదట లివర్‌పూల్, వాయవ్య ఇంగ్లండ్ ప్రాంత విలేఖరిగా తీసుకుంది. అప్పటి రేవు కార్మికుల సమ్మెల వార్తలు ఆయన ద్వారా జాతీయ బులెటిన్లకు వెళ్ళేవి. ముప్పై ఏళ్ళు నిండకముందే అమెరికా చేరారు. వాటర్‌గేట్ వ్యవహారం ముదిరి 1974 ఆగస్టులో అధ్యక్షుడు నిక్సన్ రాజీనామా చేసినప్పుడు ఉపగ్రహం ద్వారా బ్రిటన్ ప్రేక్షకులకు ఆ వార్త అందించింది ఆయనే. 1977 జనవరిలో యూటా రాష్ట్రంలో గ్యారీ గిల్‌మోర్‌ను కాల్చి మరణశిక్ష అమలు చేసిన సంఘటననూ ఆయన నివేదించారు. తర్వాత దక్షిణాఫ్రికా నుంచి పనిచేస్తూ, రొడీషియా జింబాబ్వేగా మారిన క్రమాన్ని చూశారు. ఇల్లు, పిల్లలు ఒకచోట, తాను హోటల్ గదుల్లో మరోచోట గడిపే బతుకు విసిగించి 1980లో లండన్ తిరిగొచ్చి, దౌత్య వ్యవహారాల విలేఖరి అయ్యారు.

తొమ్మిది గంటల వార్తలు

అప్పటిదాకా బీబీసీ టీవీలో వార్తలు చదివే పని ఒకరిది, రాసే పని ఇంకొకరిది. చక్కటి ఉచ్చారణ, తొణకని ముఖం ఉన్నవారు కాగితం మీదున్నది చదివేవారు. 1981లో హంఫ్రీస్‌ను, జాన్ సింప్సన్‌ను తొమ్మిది గంటల వార్తలకు నియమించడంతో ఈ ఏర్పాటు మారింది. ఇద్దరూ దేశాలు తిరిగిన విలేఖరులు. ఏ వార్త ముందుండాలి, ఏ మాట ఎలా ఉండాలి అన్న నిర్ణయంలో వీళ్ళకు భాగం ఉండేది. తాను చూసొచ్చిన ఊరి గురించి చెప్పే మనిషికీ, ఆ ఊరి పేరు మొదటిసారి పలుకుతున్న మనిషికీ తేడా ప్రేక్షకుడికి ఇట్టే తెలిసిపోతుంది.

అయితే బులెటిన్‌లో ప్రశ్నించే చోటు తక్కువ. ఆరేళ్ళ తర్వాత హంఫ్రీస్ టీవీలోని అత్యున్నత కుర్చీని వదిలి, తెల్లవారుజామునే లేవాల్సిన రేడియో ఉద్యోగానికి వెళ్ళారు.

టుడే

1987 జనవరిలో ఆయన ‘టుడే’లో చేరారు. అప్పటికే అక్కడ బ్రయన్ రెడ్‌హెడ్ పేరున్న వ్యాఖ్యాత. మంత్రులు, అధికారులు, సంపాదకులు పొద్దున్నే వినే కార్యక్రమం అది. ఎనిమిది దాటాక పది నిమిషాలకు వచ్చే ప్రధాన ఇంటర్వ్యూలో దొర్లిన ఒక్క మాట ఆ రోజు రాజకీయాన్ని తిప్పేయగలదు.

కన్సర్వేటివ్ ప్రభుత్వ కాలంలో, 1995లో, మంత్రి జోనాథన్ ఐట్‌కెన్ ఒక ప్రసంగంలో హంఫ్రీస్ తీరు ప్రజాస్వామ్య చర్చకే విషమని దుమ్మెత్తిపోశారు. (ఐట్‌కెన్ మరో వ్యవహారంలో కోర్టులో అబద్ధం చెప్పిన నేరానికి 1999లో జైలుకెళ్ళారు.) ప్రభుత్వం మారింది, ఫిర్యాదు మారలేదు. 1997 డిసెంబరులో, ఒంటరి తల్లుల భృతిలో కోత గురించి లేబర్ మంత్రి హారియెట్ హార్మన్‌ను ఆయన నిలదీశాక, ఇలాగైతే సహకారం గురించి ఆలోచించుకోవాల్సి వస్తుందని లేబర్ పార్టీ అధికారి టుడే సంపాదకుడికి ఉత్తరం రాశారు. రెండు పార్టీలకూ ఒకేలా కోపం తెప్పించడాన్ని ఆయన నిష్పాక్షికతకు సాక్ష్యంగా తీసుకోవచ్చు. ఇందులో ఒక నష్టమూ ఉంది. ఆయన ముందు కూర్చునే నాయకులు ముందే కంఠతా పట్టిన వాక్యాలతో కవచం కట్టుకుని వచ్చేవారు. కొన్ని ఇంటర్వ్యూల్లో పెనుగులాట తప్ప శ్రోతకు దక్కిందేమీ లేదు.

2003 మే 29 ఉదయం 6.07కు రక్షణ విలేఖరి ఆండ్రూ గిలిగన్‌తో హంఫ్రీస్ జరిపిన సంభాషణ బీబీసీ చరిత్రలో పెద్ద సంక్షోభానికి దారితీసింది. ఇరాక్ ఆయుధాలపై ప్రభుత్వం వెలువరించిన పత్రంలోని, ఆ దేశం 45 నిమిషాల్లో ఆయుధాలు ప్రయోగించగలదన్న అంశం తప్పని ప్రభుత్వానికి తెలిసే ఉండొచ్చని గిలిగన్ ప్రత్యక్ష ప్రసారంలో అన్నారు. ఆ వార్తకు ఆధారమైన శాస్త్రవేత్త డేవిడ్ కెల్లీ జూలైలో మరణించారు. ఆ మరణంపై జరిగిన హట్టన్ విచారణ నివేదిక 2004 జనవరిలో వచ్చాక బీబీసీ ఛైర్మన్ గావిన్ డేవిస్, డైరెక్టర్ జనరల్ గ్రెగ్ డైక్, గిలిగన్ వైదొలిగారు.

ఆయన పద్ధతి ఏమిటో తెలియాలంటే 2012 నవంబరు 10 నాటి ఇంటర్వ్యూ వినాలి. ఎదురుగా ఉన్నది బీబీసీ డైరెక్టర్ జనరల్ జార్జ్ ఎంట్‌విసిల్, అంటే హంఫ్రీస్ పనిచేసే సంస్థకు అధిపతి. బీబీసీ ‘న్యూస్‌నైట్’ ప్రసారం చేసిన కథనం ఒక మాజీ రాజకీయ నాయకుడి మీద తప్పుడు నిందకు కారణమైంది. హంఫ్రీస్ అరవలేదు. ఆ కథనం వస్తోందని మీకు ముందే తెలుసా అని అడిగారు. తెలియదన్నారు ఎంట్‌విసిల్. ప్రసారమైనప్పుడు చూశారా? లేదు. దాని గురించి ట్విట్టర్‌లో ముందే వ్యాపించిన మాట? కంటపడలేదు. ఆ కథనం తప్పై ఉండొచ్చని ముందు రోజు గార్డియన్ మొదటి పేజీలో వచ్చింది కదా? అదీ చదవలేదు. ఇంతమంది సిబ్బందిలో ఒక్కరూ మీకు చెప్పలేదా, మీరూ ఎవరినీ అడగలేదా అన్నది తర్వాతి ప్రశ్న. ఒక్కొక్క ‘లేదు’తో ఆ పదవికి కావలసిందేదో అక్కడ లేదని దేశమంతా విన్నది. ఆ సాయంత్రమే ఎంట్‌విసిల్ రాజీనామా చేశారు. పదవిలో ఉన్నది 54 రోజులు.

టీవీలో రాజకీయ ఇంటర్వ్యూలను ఆయన పూర్తిగా వదల్లేదు. జోనాథన్ డింబుల్‌బీ తర్వాత, 1993 నుంచి 2002లో ఆపేసే వరకు, బీబీసీ 1లో ఆదివారం మధ్యాహ్నపు ‘ఆన్ ది రికార్డ్’ నడిపారు.

చివరి రెండేళ్ళలో ఆయన పేరుకు మచ్చ తెచ్చింది జీతాల వ్యవహారం. 2017లో బీబీసీ ప్రకటించిన జాబితాలో ఆయన ఏడాది సంపాదన 6 లక్షల నుంచి 6.5 లక్షల పౌండ్ల మధ్య ఉంది. మహిళా సహోద్యోగులకూ పురుషులకూ మధ్య తేడా ఎంతుందో ఆ జాబితా బయటపెట్టింది. సమాన వేతనం కోసం చైనా సంపాదకురాలు క్యారీ గ్రేసీ 2018 జనవరిలో ఆ పదవి వదులుకున్నారు. ఆ విషయంపై ఒక సహోద్యోగితో హంఫ్రీస్ వేళాకోళంగా మాట్లాడిన రికార్డింగ్ బయటికి వచ్చింది. అదే నెలలో జీతం తగ్గించుకోవడానికి ఒప్పుకున్న ఆరుగురు పురుష వ్యాఖ్యాతల్లో ఆయనొకరు. ఎదుటివారి సంజాయిషీలను ఒప్పుకోని మనిషికి ఈ విషయంలో సరైన సంజాయిషీ లేకపోయింది.

2019 సెప్టెంబరు 19న టుడేకు వీడ్కోలు చెప్పారు. ఆ రోజు మాజీ ప్రధానులు టోనీ బ్లెయిర్, డేవిడ్ కామెరాన్ ఆయనకు ఇంటర్వ్యూలు ఇచ్చారు. ఆత్మకథ ‘ఎ డే లైక్ టుడే’ అదే ఏడాది వెలువడింది. సంస్థలో ఒకే రకం ఉదారవాద ఆలోచన పేరుకుపోయిందని అందులో ఆయన చేసిన విమర్శ పాత సహోద్యోగులను నొప్పించింది.

స్టూడియో బయట

పశ్చిమ వేల్స్‌లోని కార్మార్థన్‌షైర్‌లో ఆయన పాడి ఆవుల వ్యవసాయం చేశారు. ఆ అనుభవంతో ఆధునిక వ్యవసాయ పద్ధతులపై ‘ది గ్రేట్ ఫుడ్ గ్యాంబుల్’ (2001) రాశారు. ఆంగ్లం అడ్డదిడ్డంగా వాడటంపై ‘లాస్ట్ ఫర్ వర్డ్స్’ (2004) బాగా అమ్ముడైంది. 2006లో రేడియోలో దేవుణ్ణి వెతుకుతూ కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్ రోవన్ విలియమ్స్‌ను, యూదుల ప్రధాన గురువు జోనాథన్ శాక్స్‌ను, ముస్లిం పండితుడు తారిఖ్ రమదాన్‌ను ప్రశ్నించారు. నమ్మాలనుకుంటూ నమ్మలేకపోయిన మనిషి అడిగిన ప్రశ్నలవి. మరుసటి ఏడాది వచ్చిన ‘ఇన్ గాడ్ వుయ్ డౌట్’ వాటి కొనసాగింపు. పేద దేశాల్లో పనిచేసే చిన్న సేవాసంస్థలకు డబ్బు అందించేందుకు 2005లో కిచెన్ టేబుల్ చారిటీస్ ట్రస్ట్ పెట్టారు.

మాస్టర్‌మైండ్

భారతీయ ప్రేక్షకులకూ ఈ క్విజ్ కొత్త కాదు. సిద్ధార్థ బసు నడిపిన ‘మాస్టర్‌మైండ్ ఇండియా’ను 1998 నుంచి బీబీసీ వరల్డ్‌లో తెలుగు ఇళ్ళలో క్విజ్ పిచ్చి ఉన్న పిల్లలూ చూశారు. దాని మూలం 1972లో మొదలైన బ్రిటన్ కార్యక్రమం. నిర్మాత బిల్ రైట్ రెండో ప్రపంచ యుద్ధంలో రాయల్ ఎయిర్‌ఫోర్స్‌లో పనిచేసి జర్మన్లకు చిక్కినవాడు. చీకటి గది, ఒంటరి కుర్చీ, ముఖం మీద వెలుగు, ఆగకుండా ప్రశ్నలు అనే ఊహ ఆయనకు అక్కడ తాను ఎదుర్కొన్న విచారణల నుంచే వచ్చింది. పాతికేళ్ళు ప్రశ్నలడిగిన మాగ్నస్ మాగ్నుసన్ 1997లో కార్యక్రమం ఆగినప్పుడు ఆ నల్ల కుర్చీని ఇంటికి తీసుకెళ్ళారు.

2003లో బీబీసీ ఆ కార్యక్రమాన్ని మళ్ళీ మొదలుపెట్టి, ప్రశ్నలడిగే స్థానంలో హంఫ్రీస్‌ను కూర్చోబెట్టింది. ఇక్కడ వాదనకు తావు లేదు. అభ్యర్థి తాను ఎంచుకున్న అంశంపై ఒక విడత, సాధారణ విజ్ఞానంపై మరో విడత ప్రశ్నలు ఎదుర్కొంటాడు. తెలియకపోతే ‘పాస్’ అనవచ్చు, కానీ మార్కులు సమానమైతే తక్కువ పాస్‌లు చెప్పినవాడిదే గెలుపు. సమయం అయిపోయినట్టు మోత వినిపించినా, మొదలుపెట్టిన ప్రశ్నను పూర్తి చేయడం మాగ్నుసన్ నాటి ఆనవాయితీ. హంఫ్రీస్ దాన్ని కొనసాగించారు. మొదటి సిరీస్‌లలో రెండు విడతల మధ్య అభ్యర్థితో కాసేపు కబుర్లు కూడా చెప్పేవారు. తర్వాత అది తీసేశారు. 2019 నుంచి చిత్రీకరణ బెల్‌ఫాస్ట్‌కు మారింది. 2021లో హంఫ్రీస్ తప్పుకున్నాక ఆ స్థానంలోకి బీబీసీ మరో వార్తల మనిషినే తెచ్చింది. పలు దేశాల నుంచి నివేదించి, తర్వాత టీవీ వార్తలకు వచ్చిన క్లైవ్ మైరీ ఆ ఏడాది నుంచి ప్రశ్నలడుగుతున్నారు.