ఊపిరి కొఱకు వెదకిన మందులు

మన గ్రంథాలయములందు ఆయుర్వేద గ్రంథములకు తెలుగు తాత్పర్యములును, గృహవైద్య పుస్తకములును, ఆరోగ్యశాస్త్ర వాచకములును ఒకే బీరువాలో నుండుట పరిపాటి. వానిలో దేనిని నమ్మవలెను, దేనిని విడువవలెను అను ప్రశ్న ఊపిరితిత్తుల వ్యాధుల విషయమున మిక్కిలి తీవ్రముగా నెదురగును. ఏలయన, విరిగిన యెముక అతుకుకొనును. తెగిన చర్మము పూడును. క్షయవలన పుచ్చి మచ్చకట్టిన ఊపిరితిత్తి మాత్రము మరల మునుపటి రూపమును పొందదు. క్రిమి నశించిన పిమ్మటను పలువురకు ఆయాసము మిగిలిపోవును. ఆ మిగిలిన ఆయాసమునకు మందు వెదకుచు రోగులు ఒక మార్గమును విడిచి వేరొక మార్గము నాశ్రయించుట నాడును కలదు, నేడును కలదు. ఆ వెదకులాట చరిత్రను సంగ్రహముగా విన్నవించుటయే ఈ వ్యాసోద్దేశము.

మన ప్రాచీనులు క్షయను రాజయక్ష్మమనిరి. దక్షుని కుమార్తెలను పలువురను పెండ్లాడియు రోహిణియందే యనురక్తుడైన చంద్రుడు మామగారి కోపమునకు గురియై క్షీణించెననియు, రాజగు చంద్రునికి గలిగినది గావున దానికి రాజయక్ష్మమని పేరు వచ్చెననియు పురాణకథ. చరకసంహిత చికిత్సాస్థానమున ఈ వ్యాధికి ఒక అధ్యాయమే కలదు. క్షీణించిన ధాతువులను పోషించుట, మేకపాలు, మాంసరసములు మున్నగు బలకరమైన ఆహారము నిచ్చుట ఆ చికిత్సకు ప్రాణము. దగ్గునకు అడ్డసరపాకు రసమును తేనెతో నిచ్చుట మన పల్లెలలో నెల్లర కెఱుకే. సంపన్నులకు స్వర్ణభస్మము చేరిన మందులును ఉండెను.

ఆహారము, అడ్డసరము, బంగారము అను ఈ మూడింటిని ఆధునికులు వేర్వేరుగా పరీక్షించిరి. ఆ మూడింటి గతులును మూడు విధములైనవి.

మొదటిది ఆహారము. ఝార్ఖండు రాష్ట్రమున క్షయరోగుల కుటుంబములకు అదనముగా ఆహారపదార్థములిచ్చి జరిపిన పరిశోధన ఫలితములు 2023లో వెలువడినవి. అట్టి ఇండ్లలోని తక్కినవారికి క్షయ సోకుట నూటికి 39 వంతులు తగ్గెను. రెండవది అడ్డసరము. అందలి వాసిసిన్ అను పదార్థము నాధారముగా గొని బ్రోమ్‌హెక్సిన్ అను మందును 1960 ప్రాంతమున తయారుచేసిరి. అది కఫమును పలుచన చేయును గాని క్షయక్రిమిని నశింపజేసి రోగమును మాన్పునది కాదు. మూడవది బంగారము. 1924లో డెన్మార్కు దేశమున సానోక్రైసిన్ అను బంగారు లవణము క్షయకు దివ్యౌషధమని ప్రకటింపబడి, పెక్కుదేశములకు వ్యాపించెను. అమెరికా వైద్యులు 24 మంది రోగులను రెండు సమభాగములు చేసి, నాణెమెగురవేసి, ఏ భాగమువారికి ఆ మందీయవలెనో నిర్ణయించిరి. 1931లో వెలువడిన ఫలితము: మేలు లేదు, కీడు కలదు. ఆ లవణమును మన భస్మమును ఒకటి కావు. అయినను, పేరుప్రతిష్ఠలు పరీక్షకు సాటిరావని ఆ కథ తెలుపుచున్నది.

పాశ్చాత్య వైద్యులును చీకటిలో వెదకినవారే. రాబర్ట్ కోఖ్ 1882 మార్చి 24న బెర్లినులో క్షయక్రిమిని లోకమునకు ప్రకటించెను. అంతటి మహనీయుడే 1890లో ట్యూబర్‌క్యులిన్ రోగమును కుదుర్చునని చెప్పగా, అది విఫలమై, రోగనిర్ణయమునకు మాత్రము ఉపయోగపడెను. అటుపిమ్మట మంచిగాలి, విశ్రాంతి, పుష్టికరాహారము అను త్రయమే శరణ్యమయ్యెను. మన సీమలో 1912లో మదనపల్లెయందు ఆరంభమైన మిషను శానిటోరియము 1915లో ఆరోగ్యవరమునకు మారెను. డెన్మార్కు వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమాట్ మొల్లరు దానికి ఆద్యుడు. సముద్రమట్టమునకు 2,000 అడుగులకు పైబడిన ఆ చల్లని సీమకు దూరప్రాంతములనుండి రోగులు వచ్చుచుండిరి. తెలంగాణమున వికారాబాదు చెంత అనంతగిరి కొండలయందును ఇట్టి శానిటోరియము వెలసెను. రోగియున్న ప్రక్కలోనికి గాలి నెక్కించి ఊపిరితిత్తిని ముడుచుకొనునట్లు చేయుట, ప్రక్కటెముకలు తీసివేయుట ఆకాలపు చికిత్సలు. బ్రతికినవారు పలువురు సగము ఊపిరితోనే శేషజీవితము గడపిరి.

1943లో స్ట్రెప్టోమైసిన్ కనుగొనబడెను. 1952లో ఐసోనియజిడ్ క్షయకు మందుగా వచ్చెను. 1956లో మద్రాసున నెలకొల్పిన క్షయచికిత్సా పరిశోధన కేంద్రము పేదరోగులను రెండు వర్గములుగా జేసి, ఒక వర్గమును శానిటోరియమునందును, రెండవ వర్గమును వారి ఇఱుకైన ఇండ్లలోను ఉంచి, ఇరువురకు నవే మందులిచ్చెను. 1959లో ప్రకటించిన ఫలితములలో ఉభయుల స్వస్థతయు దాదాపు సమానము. కొండగాలి, దీర్ఘవిశ్రాంతి లేకున్నను సరియైన మందు రోగమును మాన్పునని తేలిపోయెను. అనగా ఆహారము మందునకు బదులు కాదు, తోడు మాత్రమే. ఆస్తులమ్ముకొని కొండలకు పోవలసిన దుర్గతి పేదకుటుంబములకు తప్పినది ఈ పరీక్షవలననే.

ఉబ్బసమునకు హైదరాబాదులో మృగశిర కార్తె ప్రవేశించునాడు బత్తిన కుటుంబమువారు పంచు చేపమందును ఇచట స్మరింపవలసియున్నది. చిన్న కొఱ్ఱమీను నోట మందుముద్ద నుంచి, బ్రతికియుండగనే దానిని రోగిచే మ్రింగింతురు. 1845 నుండి ఈ ఆచారము సాగుచున్నదని వారి వాక్కు. ఉచితముగా నిచ్చు వారి సేవాబుద్ధిని శంకింపబనిలేదు. కాని ఉబ్బసము ఋతువునుబట్టి తనంతట హెచ్చుచు తగ్గుచు నుండు వ్యాధి. మందు మ్రింగినవారిని, మ్రింగనివారిని సరిపోల్చి లెక్కించినగాని గుణము మందుదో కాలముదో చెప్పరాదు. వైద్యశాస్త్రము అంగీకరించిన ఋజువు దీనికి నేటికిని లేదు.

ఇక మచ్చకట్టిన ఊపిరితిత్తులవారికి గతి యేమి? పోయిన భాగము తిరిగి రాదను మాట కఠినమైనను సత్యము. అయినను నిరాశకు కారణము లేదు. క్రమముగా దూరము పెంచుచు నడచుట, కాలుసేతుల కండరములకు బలము గూర్చు వ్యాయామము, శ్వాసను నెమ్మదిగా విడుచు అభ్యాసము ఆయాసమును తగ్గించి పనిచేయు శక్తిని పెంచునని పరీక్షలలో తేలినది. మన ప్రాణాయామమును వైద్యుని యెఱుకతో ఇందు చేర్చుకొనవచ్చును. అది మచ్చను మాన్పదు. మిగిలిన ఊపిరిని పొదుపుగా వాడుట నేర్పును. పొగత్రాగుట మానుట, వంటపొగనుండి తప్పుకొనుట వీనికన్న ముందు చేయవలసినవి.

భయపడవలసిన తావులును కలవు. ఆయాసమునకమ్ము కొన్ని చూర్ణములలో స్టెరాయిడులు రహస్యముగా కలుపుటయు, కొన్ని భస్మములలో సీసము, పాదరసము మితిమీరియుండుటయు పరీక్షలలో బయటపడినవి. స్టెరాయిడు పడినంతనే ఆయాసము తగ్గి, రోగి సంతోషించును. లోన దాగిన క్షయ విజృంభించును. నెలరోజులకే దగ్గు తగ్గెనని మాత్రలు మాని, వేరుమందు పట్టినవారి క్రిమి ఆ మాత్రలకు లొంగని మొండిదగును. అట్టివాడు తన ఇంటివారికిని అదే మొండిరోగమును అంటించును.

కావున మందు ప్రాచీనమా నవీనమా, స్వదేశీయమా విదేశీయమా అనునది ప్రశ్న కాదు. ఎందరు పుచ్చుకొనిరి, అందెందరు కోలుకొనిరి, పుచ్చుకొననివారి గతి యేమయ్యెను అను మూడు ప్రశ్నలు ప్రతి మందును అడుగవలెను. కోఖ్ మహాశయుని మందు వీనికి నిలువలేదు; మన పూర్వులు చెప్పిన ఆహారము నిలిచినది. మన గ్రంథాలయమున వైద్యపుస్తకము తెఱచు చదువరులు ఆ పుస్తకము అచ్చయిన సంవత్సరమును, ఈ మూడు ప్రశ్నలను జ్ఞప్తియందుంచుకొందురుగాక.