ముగ్గు చుక్కలూ వాల్తేరు లెక్కా

నేను రాజమండ్రి నుంచి మాట్లాడుతున్నాను. మా ఇంట్లో అమ్మానాన్నల డిగ్రీ సర్టిఫికెట్ల మీద ఆంధ్ర విశ్వవిద్యాలయం అనే ఉంటుంది. 2006లో నన్నయ యూనివర్సిటీ వచ్చేదాకా గోదావరి జిల్లాల కాలేజీలకు పెద్దదిక్కు వాల్తేరే. అక్కడ పుట్టిన ఒక లెక్క గురించి ఈరోజు చెప్తాను.

సూరి భగవంతం గారు 1909లో ఆగిరిపల్లిలో పుట్టారు. అప్పుడది కృష్ణా జిల్లా, 2022 నుంచి ఏలూరు జిల్లా. 1928లో కలకత్తా వెళ్లి సి.వి. రామన్ దగ్గర చేరారు. స్ఫటికం మీద కాంతి పడితే, చెదిరిన కాంతిలో కొత్త గీతలు కనిపిస్తాయని తేలింది ఆ ఏడాదే. లోపల అణువులు ఊగడానికి ఎంత శక్తి కావాలో ఆ గీతలు చెప్తాయి. మరి ఏ స్ఫటికంలో ఎన్ని గీతలు కనిపించాలి?

చుక్కల ముగ్గు తెలుసుగా? ఒక గడి తెలిస్తే వాకిలంతా తెలిసినట్టే. స్ఫటికమూ అంతే, ఒకే గడి మళ్లీ మళ్లీ వస్తుంది. కాబట్టి ఒక్క గడిని లెక్కపెట్టి, దాన్ని ఎటు తిప్పితే మారకుండా కనిపిస్తుందో చూస్తే చాలు. భగవంతం గారు, టి. వెంకటరాయుడు గారు కలిసి 1939లో బెంగళూరు ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ పత్రికలో ఈ పద్ధతి రాశారు.

కాల్సైట్ తీసుకుందాం. సున్నపురాయిలో ఉండేది అదే. దాని గడిలో 10 పరమాణువులు. ఒక్కోటి మూడు దిక్కులకు కదలగలదు కాబట్టి మొత్తం 30 కదలికలు. అందులో 3 స్ఫటికమంతా ఒకేసారి జరగడం, అవి తీసేస్తే 27. ఇక్కడే సౌష్ఠవం రంగంలోకి దిగుతుంది. ఈ స్ఫటికం 120 డిగ్రీలు తిప్పినా అలాగే ఉంటుంది. అందువల్ల కొన్ని ఊపులు జంటలుగా ఒకే శక్తికి కట్టుబడిపోతాయి. పైగా దీనికి మధ్య బిందువు ఉంది, తలకిందులు చేసినా తేడా రాదు. అందుకే రామన్ గీతలో కనిపించేది పరారుణంలో కనిపించదు, అక్కడ కనిపించేది ఇక్కడ కనిపించదు. లెక్క తేల్చితే రామన్‌లో 9 ఊపులు మిగులుతాయి: నాలుగు జంటలు, ఒక ఒంటరి. అంటే 5 గీతలు. పరారుణానికి 13. మిగతా 5 రెండింట్లోనూ కనిపించవు.

ప్రయోగశాలలో చూస్తే కాల్సైట్‌కి నిజంగానే 5 గీతలు. కొలవకముందే కాగితం మీద చెప్పేయొచ్చన్నమాట! నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఎలక్ట్రాన్ల సంగతీ ఇదే తీరు. మళ్లీ మళ్లీ వచ్చే గడుల్లో ఎలక్ట్రాన్‌కి శక్తి పట్టీలు వస్తాయని ఫెలిక్స్ బ్లాక్ దారి చూపింది కూడా 1928లోనే. ఆ పట్టీలు ఎక్కడ కలవాలో, ఎక్కడ విడిపోవాలో సౌష్ఠవమే చెప్తుంది. మన ఫోన్లో చిప్ ఆ పట్టీల మీదే నడుస్తోంది.

1948లో ఇద్దరూ రాసిన గ్రూప్ సిద్ధాంతం పుస్తకాన్ని ఆంధ్ర విశ్వవిద్యాలయమే అచ్చేసింది. భగవంతం గారు తర్వాత బెంగళూరులో ఐఐఎస్‌సీ డైరెక్టర్ అయ్యారు, రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారు అయ్యారు, ఆ పేరు నిలిచింది. అట్ట మీద రెండో పేరు వెంకటరాయుడు గారిది. నేను మా కాలేజీలో ఫిజిక్సే చదివాను, మూడేళ్లలో ఆయన పేరు ఒక్కసారీ వినలేదు.

వచ్చే ఎపిసోడ్‌లో వజ్రం కంపనాల మీద రామన్‌కీ మాక్స్ బార్న్‌కీ జరిగిన గొడవ చెప్తాను. అందులో గెలిచింది రామన్ కాదండోయ్.